దూదక్క చెవి

దూది ఏకే యంత్రం ఆగిపోయాక కూడా దూది కాసేపు గాలిలోనే ఉంటుంది. కొట్టు వెనకగదిలో పైకప్పుకి దగ్గరగా ఒక వెంటిలేటరు ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక అందులోంచి ఎండ ఏటవాలుగా దిగి, ఎగిరే నూగుని ఒక్కొక్క పోగుగా చూపిస్తుంది. ఆ నూగు పైకీ పోదు, కిందకీ రాదు. ఎటు వెళ్లాలో తోచనట్టు అక్కడక్కడే తేలుతుంది. ఆ వెలుతురులో చాప పరుచుకుని, అప్పుడే కుట్టు ముగిసిన దిండు మీద కుడిచెవి ఆనించి ఒక్క నిమిషం పడుకోవడం దూదక్కకి పాతికేళ్ల అలవాటు.

నిద్ర కోసమేమీ కాదు. తల పెట్టగానే లోపల దూది సర్దుకునే చప్పుడు ఒకటి ఉంటుందని, అది తనకు వినిపిస్తుందని చెప్పేది. మంచి దిండు ఒక్కసారి నిట్టూర్చి ఊరుకుంటుందట. సరిగా ఏకని దూది అయితే గొణుగుతూనే ఉంటుందట. గొణిగితే కుట్టు విప్పేసి మళ్లీ మొదలుపెట్టేది.

"పనివేళలో పడుకుని మెప్పు కొట్టేసేది లోకంలో నువ్వొక్కదానివే," అనేది వదిన, మిషను మీద గలీబులు కుడుతూ. వదిన అంటే భర్తకి అక్క. కొట్టు ఇద్దరిదీ. ఏకడం, నింపడం, కుట్టడం దూదక్క పని. గలీబులు, లెక్క తేల్చి మాట్లాడటం, వచ్చినవాళ్లని నవ్వించి కూర్చోబెట్టడం వదిన పని.

దూదక్క తండ్రి కూడా పరుపులు కుట్టినవాడే. ఆయన కాలంలో యంత్రం లేదు. పెద్ద విల్లులాంటి దానికి బిగించిన నరాన్ని చెక్కసుత్తితో మీటుతూ దూది ఏకేవాడు. ఆ మోతకి పక్కింటి పిల్లలు నిద్ర లేచేవాళ్లు, ఈమె మాత్రం నిద్రపోయేది. ఏకిన దూది కుప్పలో పడుకోబెడితే సాయంత్రం దాకా కదిలేది కాదని, ఒకసారి తనని చూసుకోకుండా పైన ఇంకో బుట్టెడు దూది పోసేశారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆమెకి గుర్తున్న మొదటి రంగు తెలుపు. అందులోంచి తొంగి చూసిన తండ్రి మొహం.

కొట్టుకి ఎవరొచ్చినా ఆమె అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఎటు ఒత్తిగిలి పడుకుంటారు?" కొందరు సిగ్గుపడేవాళ్లు. కొందరు తెలియదనేవాళ్లు. అప్పుడు వాళ్ల మెడ వంపు, భుజం వెడల్పు చూసి తనే చెప్పేసేది. మందుల షాపాయన బోర్లా పడుకుంటాడు. డ్రిల్లు మాస్టారు ముడుచుకుని పడుకుంటాడు. వీధిలో ఎవరెదురైనా ఆమెకి ముందు వాళ్లు నిద్రపోయే తీరే కనిపించేది. ఊరంతా ఒకరి పక్కన ఒకరు పడుకుని ఉన్నట్టు, తను వాళ్ల మధ్యగా చప్పుడు చేయకుండా నడుస్తున్నట్టు.

భర్త కూడా అలా వచ్చినవాడే. లిఫ్టు మెకానిక్కు. రోజంతా తల పైకెత్తి పని చేసి మెడ పట్టేసి కొట్టుకి వచ్చాడు. మూడుసార్లు దిండు మార్చి ఇచ్చింది. నాలుగోసారి, దిండు బాగానే ఉందని చెప్పడానికి వచ్చాడు. ఆ మాట చెప్పడానికి గంటన్నర పట్టిందని వదిన ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

నలభై నాలుగో ఏట, ఒక మధ్యాహ్నం, బూరుగు దూది నింపిన పెద్ద దిండు మీద తల ఆనించగానే కుడిచెవి భగ్గుమంది. ఉలిక్కిపడి లేచింది. దిండులో సూది ఉండిపోయిందేమోనని తడిమి చూసింది. ఏమీ లేదు. చెవి పట్టుకుంటే వేడిగా ఉంది. అద్దంలో చూసుకుంటే పైనుంచి సగం దాకా పండు మిరపకాయలా ఎర్రబడి ఉబ్బి ఉంది.

"ఏదో కుట్టుంటుంది," అంది వదిన.

"కుడితే తెలీదా?"

"నువ్వు పడుకుంటే పక్కన లారీ వెళ్లినా నీకు తెలీదు."

వీధి చివర డాక్టరు చీము పట్టే జబ్బన్నాడు. మాత్రలు రాశాడు. పది రోజులకి తగ్గింది. మాత్రల గొప్పేనని అందరూ అనుకున్నారు. నెల తిరక్కుండా ఎడమచెవికి వచ్చింది. మళ్లీ మాత్రలు. మళ్లీ తగ్గింది. ఆ తర్వాత మాత్రలు వేసుకున్నా వేసుకోకపోయినా రావలసినప్పుడు వచ్చేది, పోవలసినప్పుడు పోయేది. వచ్చి పోయిన ప్రతిసారీ చెవిలో ఏదో కొంచెం తీసుకుపోయేది. బిగువుగా నిలబడే చెవిరేకు మెత్తబడి, ఎండలో పెట్టిన ఆకులా ముందుకి వాలడం మొదలుపెట్టింది.

"నిద్రంటే చెవి కోసుకునేదానివి. ఇప్పుడు చెవే నిద్ర కోసేస్తోంది," అంది వదిన ఒకరోజు. అని, తన మాట తనకే నచ్చనట్టు తల దించుకుని మిషను తొక్కింది.

తర్వాత ముక్కు. కళ్లజోడు ఆనే చోట ఒకటే సలుపు. ముక్కు దిబ్బడ వేసిందన్నారు, ఆవిరి పట్టమన్నారు. మణికట్లు, మోకాళ్లు నొప్పులు. నలభై దాటాక మామూలే అన్నారు. ఆ తర్వాత గొంతు. మొదట పొద్దుటిపూట మాత్రమే బొంగురుగా ఉండేది. తర్వాత రోజంతా. మెట్లెక్కితే ఆయాసం. మంచం మీద ఏ పక్కకి ఒత్తిగిల్లినా నొప్పి కాబట్టి వెల్లకిలా పడుకోవాలి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. ఊరందరికీ నిద్ర కుట్టి ఇచ్చిన మనిషికి తలపెట్టుకునే చోటు లేకుండా పోయింది.

ఊపిరితిత్తుల డాక్టరు ఆమె ఏం పని చేస్తుందని అడిగాడు. దూది అనగానే కలం పక్కన పెట్టేశాడు.

"ఇంకేం చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లు ఆ నూగు పీల్చారు. అదే పట్టేసింది. ముందు ఆ పని మానెయ్యండి."

అతను కోపంగా అనలేదు. అయినా ఆమెకి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.  

మర్నాటి నుంచి యంత్రం ఆగింది. ఏకిన దూది బయటి నుంచి తెప్పించుకుని వదినే ఎలాగో నెట్టుకొచ్చింది. దూదక్క ఇంట్లో కిటికీ దగ్గర వాలుకుర్చీలో కూర్చునేది. తండ్రి గుర్తొచ్చేవాడు. ఆయన చివరి రోజుల్లో దగ్గేవాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. తనని జోకొట్టిందే తనని లోపలి నుంచి తినేస్తోందన్న ఆలోచన ఆమెను వదిలిపెట్టేది కాదు. మధ్యాహ్నాలు కుర్చీలోనే కునుకు పట్టేది. ఒకే కల. తనొక దిండు లోపల ఉంది. చుట్టూ తెలుపు. బయట ఎవరో చెవి ఆనించి వింటున్నారు. తను నిట్టూర్చాలో, గొణగాలో తెలియక ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఊపిరి అందక మెలకువ వచ్చేది.

ఆ ఖాళీలోనే ఒక పని చేసింది. పాత దిండు ఒకటి విప్పి, నడిమధ్యన అరచేయంత గుండ్రటి తూటు వదిలి, చుట్టూ దూది తక్కువ తక్కువగా నింపి కుట్టింది. ఒత్తిగిల్లితే చెవి ఆ తూటులో తేలుతుంది, దేనికీ తగలదు. మొదటిది మరీ గట్టిగా వచ్చింది. రెండోది ఒక పక్కకి దిగిపోయింది. మూడోదాని మీద ఆమె రెండు గంటలు నిద్రపోయింది. భర్త పనినుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె లేచేదాకా లోపలికి అడుగు పెట్టలేదు.

దూది మానేసి నాలుగు నెలలైంది. జబ్బు మానలేదు. అది ఆమె గమనించింది గానీ ఎవరికీ చెప్పలేదు. చెప్తే, పనికి తిరిగి వెళ్లడానికి సాకు వెతుకుతోందనుకుంటారని.

ఐదో నెలలో ఎడమకన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయింది. కంటి ఆసుపత్రిలో గంటసేపు బల్ల మీద కూర్చున్నాక పిలుపొచ్చింది. లోపల చీకటిగది. పెద్దావిడ డాక్టరు, జుట్టంతా నెరిసింది, తెల్లకోటు జేబులో పెన్సిలు. పరికరం చట్రంలో గడ్డం పెట్టమంది. సన్నటి వెలుగు గీత ఒకటి కంటి మీదుగా మెల్లగా జరిగింది. నీళ్లలోంచి చూస్తున్నట్టు ఆ వెలుగు వెనక డాక్టరు కన్ను పెద్దదిగా, ఓపికగా కనిపించింది. దూదక్కకి ఎందుకో ఆ క్షణాన నిద్ర వచ్చినట్టయింది.

"కంటిలో తెల్లగుడ్డు పైపొర వాచింది. చుక్కలు వేస్తే తగ్గుతుంది," అంది డాక్టరు. అని లైటు వేసింది. చీటీ రాయడానికి వంగి, ఆగి, తలెత్తింది. "చెవి ఏమైంది?"

"అది వేరేదండీ. వస్తూ పోతూ ఉంటుంది."

డాక్టరు లేచి వచ్చి, ఆమె జుట్టు పక్కకి తీసి, రెండు చెవులూ చూసింది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"ఈ కమ్మలు ఎప్పటివి?"

"పెళ్లినాటివి."

"చెవి ఇంత వాచినప్పుడు తియ్యలేదా?"

"అవి ఉన్నచోట నొప్పి లేదండీ. ఎప్పుడూ లేదు."

డాక్టరు కమ్మ ఉన్న తమ్మెని రెండు వేళ్లతో నొక్కింది. దూదక్క కదల్లేదు. అంగుళం పైన నొక్కింది. దూదక్క కుర్చీ చేతులు పట్టుకుంది. డాక్టరు తిరిగి వెళ్లి కూర్చుని, బయట ఇంకా ఎంతమంది ఉన్నారని నర్సుని అడిగింది. పదకొండు మంది అంది నర్సు.

"కాసేపు కూర్చోమను. అమ్మా, మొదట్నుంచీ చెప్పండి. కంటికి సంబంధం లేదనుకున్నవి కూడా."

ఆ బొంగురు గొంతుతో దూదక్క చెప్పింది. మధ్యలో ఊపిరి కోసం ఆగుతూ, మర్చిపోయినవి భర్త అందిస్తూ ఉండగా. డాక్టరు చీటీ వెనక పెన్సిలుతో ఒక తల బొమ్మ గీసింది. చెవి దగ్గర ఒక చుక్క, ముక్కు మీద ఒకటి, గొంతు దగ్గర ఒకటి, కంటి మీద ఒకటి. పక్కన ఒక చెయ్యి గీసి మణికట్టు మీద ఇంకొకటి.

"చీము పట్టే జబ్బయితే చెవి మొత్తం పడుతుంది, తమ్మెతో సహా. మీకు తమ్మె ఒక్కటీ మిగిలింది. ఎందుకంటే చెవిలో మెత్తటి ఎముక లేని చోటు అదొక్కటే. ఆ మెత్తటి ఎముక ఎక్కడుంటే అక్కడే మీకు వాస్తోంది. ముక్కులో, గొంతులో. కీళ్లకీ, కంటికీ కూడా పాకుతుంది. ఇవన్నీ ఐదు జబ్బులు కావమ్మా. ఒకటే అయి ఉండాలి."

భర్త ముందుకి వంగాడు. "ఇంతమంది చూశారు కదండీ. ఎవరూ చెప్పలేదు."

"ఒక్కొక్కరూ ఒక్కొక్క చోటే చూశారు. వాళ్లననలేం, ఇది చాలా అరుదు. నేను ముప్పై ఏళ్లలో ఇద్దరిని చూశాను. మొదటామెని గుర్తుపట్టలేకపోయాను." పెన్సిలు జేబులో పెట్టుకుంది. "రెండో ఆమెని గుర్తుపట్టింది అందుకే."

ఆమె రాసిచ్చిన కాగితంతో వాళ్లు మూడో రోజున పెద్దాసుపత్రిలో కీళ్లజబ్బుల డాక్టరు దగ్గరకి వెళ్లారు. కుర్రాడు, చురుకైనవాడు. కీళ్లనే కాదు, ఒంట్లో రక్షణ దళం దారి తప్పి సొంత ఒంటి మీదకే తిరగబడే జబ్బులన్నీ చూస్తాడట. ఆమె చెవులు చూశాక, "మీ ఆయన చెవి మడిచి వదలండి," అన్నాడు.

దూదక్క మొహమాటపడుతూ భర్త చెవి మడిచి వదిలింది. అది టక్కున లేచి నిలబడింది.

"ఆ స్ప్రింగులాంటిదే మృదులాస్థి. మీ రక్షణ దళం దాన్ని పరాయిదనుకుంటోంది. ఊపిరి గొట్టం చుట్టూ కూడా అదే ఉంటుంది, గాజులు వరసగా పేర్చినట్టు. ఆ గాజులు మెత్తబడితే గొట్టం నొక్కుకుపోతుంది. నాకు భయం చెవి గురించి కాదు, దాని గురించి."

జబ్బు పేరు చెప్పాడు. రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్. భర్త రెండుసార్లు పలకడానికి ప్రయత్నించాడు. "లిఫ్టు కంపెనీ పేరులా ఉంది," అన్నాడు. డాక్టరు నవ్వాడు. దూదక్క నవ్వలేదు. ఆమె నోట్లో ఒక ప్రశ్న ఎప్పటి నుంచో ఉంది.

"దూది వల్ల వచ్చిందా అండీ?"

"దూదా? దీనికీ దూదికీ ఏ సంబంధమూ లేదు."

"నూగు పీల్చి..."

"లేదమ్మా. మీరు బంగారం షాపులో కూర్చున్నా వచ్చేది. ఎందుకు వస్తుందో మాకే సరిగా తెలియదు. దూది మాత్రం కాదు."

ఐదు నెలలుగా ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, డాక్టరు బల్ల మీద పేపర్‌వెయిట్ వైపు చూస్తూ, ఏ చప్పుడూ లేకుండా ఏడ్చేసింది. భయపడి ఏడుస్తోందనుకున్నాడు డాక్టరు. ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. భర్తకి మాత్రం తెలుసు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

వారం రోజులు పరీక్షలు. ఇదే అని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఒక్కటీ లేదట. ఇంకొకటి కాదని తేల్చడానికే సగం పరీక్షలు. గుండె చూశారు. ఊపిరి బలం చూడటానికి గొట్టంలోకి ఊదమన్నారు. కాగితం మీద గీత కొండలా లేవాల్సింది, దిబ్బలా లేచింది. ఆఖరున స్కాను. బల్ల ఆమెను మోసుకుంటూ తెల్లటి గుండ్రటి గుహలోకి నెమ్మదిగా జరిగింది. ఊపిరి తీసుకోండి అంది ఎక్కడి నుంచో ఒక గొంతు. వదలండి అంది. ఆ తెలుపులో, ఆ ఊపులో, ఆమెకి చిన్నప్పటి దూది కుప్ప గుర్తొచ్చింది. పైనుంచి మొహం ఒకటి తొంగి చూస్తుందని కాసేపు ఎదురుచూసింది కూడా. బల్ల వెనక్కి జరిగాక, అయిపోయిందని చెప్తే కొంచెం నిరాశపడింది.

ఊపిరి గొట్టం స్వరపేటిక కింద కాస్త సన్నబడింది. ఊపిరి వదిలినప్పుడు ఇంకాస్త నొక్కుకుంటోంది. సమయానికే వచ్చారన్నాడు డాక్టరు.

"తగ్గిపోతుందా అండీ?" భర్త అడిగాడు.

"పోదు. అణిగి ఉంటుంది. లేచినప్పుడల్లా అణచాలి. వాలిపోయిన చెవి మళ్లీ నిలబడదు. ఇక ముందు ఇంకేదీ వాలకుండా చూడటమే మన పని." అబద్ధం చెప్పనందుకు దూదక్కకి అతను నచ్చాడు.

స్టెరాయిడ్ మాత్రలు రోజూ పొద్దున తిన్నాక. అవి మెల్లగా తగ్గించడానికి వీలుగా, వారానికి ఒక్కరోజే వేసుకునే ఇంకో మాత్ర. ఆ మందు వేసుకునే రోజు గోడ క్యాలెండరులో ఎర్రగా గుర్తుపెట్టమన్నాడు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదమట. నెలనెలా రక్తపరీక్ష. పర్సులో ఎప్పుడూ ఒక కార్డు ఉండాలి. ఎక్కడైనా స్పృహ తప్పి పడిపోతే, గొంతులో గొట్టం వేసే ముందు జబ్బు సంగతి చూడమని అందులో రాసి ఉంటుంది. ఊపిరిలో ఈల లాంటి చప్పుడు వస్తే ఒక్క గంట కూడా ఆగకుండా రావాలి.

మందు మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున్నే మెలకువ వచ్చేసరికి దూదక్క కుడివైపుకి ఒత్తిగిలి ఉంది. మామూలు దిండు మీద. ఎప్పుడు తిరిగిందో తెలియదు. నొప్పి లేదు. కదిలితే ఎక్కడ వెనక్కి వస్తుందోనని చాలాసేపు అలాగే ఉండిపోయింది. కిటికీ పరదా లోపలికి ఉబ్బి, మళ్లీ బయటికి పోయి, ఇల్లే ఊపిరి తీస్తున్నట్టుంది.

ఆ తర్వాత రెండు నెలలూ మందు మత్తులో తేలింది. విపరీతమైన ఆకలి. మొహం గుండ్రంగా చందమామలా అయింది. "ఇప్పుడు నువ్వే ఒక దిండులా ఉన్నావ్," అంది వదిన, బుగ్గ నొక్కి. కలలు రంగురంగులుగా వచ్చేవి. బీరువాలు సర్దేసేది, పాత గలీబులన్నీ ఉతికేసేది, ఎవరు ఆపినా ఆగేది కాదు. మధ్యలో ఉన్నట్టుండి కూర్చుని ఏడ్చేది. ఇదంతా మందు పనేనని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి భర్త కంగారు పడలేదు. పక్కన కూర్చుని ఏడుపు అయ్యేదాకా లిఫ్టుల సంగతులు చెప్పేవాడు.

మోతాదు సగానికి దించిన వారం, పొద్దున వంటింట్లో ఉండగా వదిన అరిచింది. "ఏమే, పొయ్యి మీద ఏదో ఈల వేస్తోంది చూడు."

పొయ్యి మీద ఏమీ లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈల దూదక్క గొంతులోంచి వస్తోంది.

వదిన చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపింది. దారిలో దూదక్క చెయ్యి వదల్లేదు, మాట్లాడనివ్వలేదు. "నోరు మూసుకుని ఊపిరి తీసుకో. జన్మలో ఒక్కసారి నా మాట విను," అంటూనే ఉంది. ఆసుపత్రి గుమ్మంలో కార్డు చూపించింది. నర్సు కార్డు చదివి పరుగున లోపలికి తీసుకెళ్లింది.

నాలుగు రోజులు నరంలోకి మందు ఎక్కించారు. మొహానికి ఆక్సిజన్ మాస్కు. ఆ నాలుగు రోజుల్లో దూదక్కకి మెలకువకీ నిద్రకీ మధ్య హద్దు చెరిగిపోయింది. వార్డులో ఎనిమిది మంచాలు. అందరూ పడుకునే తీరు చూస్తూ, చూస్తూ, తనూ జారిపోయేది. ఎదురు మంచం మీది ముసలమ్మ మెడ కింద దిండు మరీ ఎత్తుగా ఉందని చెప్పాలనుకుని, చెప్పేశాననుకుని, చెప్పలేదని తెలిసి మళ్లీ మేలుకునేది. రెండో రోజు భర్త ఇంటి నుంచి తూటు దిండు తెచ్చాడు. నర్సు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు. ఈవిడే కుట్టింది."

"మా చెవి ఆపరేషన్ల వార్డులో వాళ్లు పక్కకి తిరగలేక చచ్చిపోతుంటారండీ," అంది నర్సు. ఒక పూట అడిగి తీసుకెళ్లింది. సాయంత్రం తిరిగి ఇస్తూ, అలాంటివి ఇంకా ఎన్ని కుట్టగలరని అడిగింది. దూదక్క మాస్కు తియ్యకుండానే పది వేళ్లూ చూపించింది.

వారానికోసారి వేసుకునే మందు మోతాదు పెంచారు. స్టెరాయిడ్ ఈసారి నత్తనడకన తగ్గించారు. ఈల మళ్లీ రాలేదు.

పని గురించి మాట్లాడటానికి డాక్టరు దగ్గర చాలాసేపు పట్టింది. జబ్బు దూదితో రాలేదు, నిజమే. కానీ సన్నబడిన గొట్టానికి నూగు మంచిది కాదు. ఏకే గదిలోకి ఆమె వెళ్లకూడదు. కుట్టుకోవచ్చు. భర్త రెండు సెలవుదినాలు కష్టపడి, వెనకగదికి అద్దం తలుపులు బిగించి, నూగుని బయటికి లాగే ఫ్యాను పెట్టాడు. యంత్రం దగ్గరకి వదిన చేరింది, ముక్కుకి గుడ్డ కట్టుకుని. మొదటి నెల వదిన ఏకిన దూదంతా గొణిగింది.

"నాకేం వినపడట్లేదు," అనేది వదిన.

"నాకు వినపడుతోంది."

"ఆ చెవితోనా?"

"ఈ చెవితోనే."

విప్పేవాళ్లు, మళ్లీ కుట్టేవాళ్లు. రెండో ఏడు వచ్చేసరికి వదిన చెయ్యి తిరిగింది. చెవి ఆపరేషన్ల వార్డుకి నెలకి ఓ డజను తూటు దిండ్లు వెళ్తున్నాయి. కంటి డాక్టరు కూడా ఒకటి అడిగి తెప్పించుకుంది, ఎందుకో చెప్పలేదు. దూదక్క ముక్కు దూలం కొద్దిగా కుంగింది. "ముక్కుసూటి మనిషినని ఇక చెప్పుకోలేను," అంటుంది. గొంతు అలా బొంగురుగానే స్థిరపడింది. ఫోనులో చాలామంది సార్ అంటారు. మొదట్లో సరిదిద్దేది. ఇప్పుడు సార్‌లాగే మాట్లాడి పెట్టేస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చెవి ఎర్రబడుతుంది, నాలుగు రోజులు మోతాదు పెంచితే అణుగుతుంది. భయం పూర్తిగా పోలేదు. పక్కగదిలో నిద్రపోతున్న మనిషిలా ఉంటుంది, అడుగుల చప్పుడు చేయకుండా మసలుకోవాలి.

మొన్న ఆరు నెలల పరీక్షకి వెళ్లారు, భార్యాభర్తలిద్దరూ. గొట్టంలోకి ఊదితే గీత పోయినసారి కంటే ఒక వేలెడు ఎత్తు లేచింది. డాక్టరు ఆ కాగితాన్ని వాళ్లవైపు తిప్పి చూపించాడు.

తిరుగు బస్సులో జనం లేరు. మధ్యాహ్నపు ఎండ సీట్ల మీద పడి జారుతోంది. భర్త నాలుగో స్టాపు దాటకుండానే ఆమె భుజం మీద తల వాల్చేశాడు. వాళ్ల వీధి మలుపు వచ్చింది. దూదక్క కమ్మీ పట్టుకుని లేవబోయి, అతని మొహం చూసి ఊరుకుంది. బస్సు ముందుకి పోయింది. ఎన్నడూ చూడని వీధులు, ఎవరివో గోడలు, తాళం వేసిన ఒక షెడ్డు, ఒక పొడుగాటి పిట్టగోడ మీద ఎండబెట్టిన దుప్పట్లు.

ఆఖరి స్టాపులో డ్రైవరు ఇంజను ఆపాడు. కండక్టరు వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడ దిగాలండీ మీరు?"

"దాటిపోయిందండీ. మళ్లీ ఎప్పుడు వెళ్తుంది బస్సు?"

"ఇరవై నిమిషాలు పడుతుంది." అతను నిద్రపోతున్న మనిషిని చూసి గొంతు తగ్గించాడు. "లేపమంటారా?"

"వద్దు, పడుకోనివ్వండి," అంది దూదక్క. భర్త మెడ మరీ వంగిపోకుండా తన చేతిసంచి మడిచి, మెల్లగా అతని చెంప కిందకి తోసింది. కిటికీలోంచి ఖాళీ మైదానం కనిపిస్తోంది. గాలికి గడ్డి ఒకవైపుకి ఒత్తిగిల్లుతోంది.